సిస్టం ఎక్కడ ఆగిందో ముందు చూడండి: డిస్క్‌లెస్ ల్యాబుల్లో నెట్‌వర్క్ బూట్ తిప్పలు

విజయవాడలో కాలేజీ ల్యాబులు చూసుకునేవాళ్లం కలిసినప్పుడు చెప్పిన మాటలు ఇవి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం, తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.

అందరికీ నమస్కారమండీ. గుంటూరు నుంచి వచ్చారు, తెనాలి నుంచి వచ్చారు, ఈ ఎండలో రావడమే గొప్ప. ముందు వరసలో ఫ్యాన్ కింద సీట్లు ఖాళీగానే ఉన్నాయి, ఎవరూ కూర్చోరు, సరే మీ ఇష్టం.

ఒక్కటి అడుగుతా, సిగ్గుపడకుండా చేతులెత్తండి. డిస్క్‌లెస్ సిస్టం, అంటే సొంత హార్డ్ డిస్క్ లేకుండా నెట్‌వర్క్ మీద సర్వర్ నుంచి అన్నీ తెచ్చుకుని లేచే సిస్టం, బూట్ అవట్లేదని సర్వర్ మొత్తం ఫార్మాట్ కొట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఎంతమంది? అబ్బో, సగం హాలుంది. ఇన్‌స్టాల్ చేశాక బూట్ అయిందా? అవలేదు కదా. ఎందుకవలేదు? సర్వర్‌లో తప్పే లేదు కాబట్టి. తప్పు ఇంకెక్కడో ఉంది, మనం ఫార్మాట్ కొట్టింది ఇంకోదాన్ని. ఈ రోజు నేను చెప్పేది ఇదొక్కటేనండీ, సిస్టం ఎక్కడ ఆగిందో అదే స్క్రీన్ మీద చెప్తుంది, అది చదివేదాకా దేని మీదా చెయ్యి వెయ్యొద్దు.

హార్డ్ డిస్క్ లేకుండా సిస్టం నడపడం కొత్తదేం కాదు. 1980ల్లోనే సన్ కంపెనీ వర్క్‌స్టేషన్లు డిస్క్ లేకుండా నెట్‌వర్క్ మీద నడిచాయి. సిస్టంకి ఐపీ, అంటే నెట్‌వర్క్ అడ్రస్, బూట్ ఫైల్ పేరు చెప్పే బూట్‌పీ ప్రోటోకాల్ 1985ది, ఆ ఫైల్‌ని దింపే టీఎఫ్‌టీపీ అంతకంటే ముందుది, నెట్‌వర్క్ కార్డు నుంచి బూట్ అవ్వడానికి మనం ఇప్పుడు వాడే పీఎక్స్ఈ పద్ధతిని ఇంటెల్ వాళ్లు 2.1 వెర్షన్‌గా రాసిపెట్టింది 1999లో. ఇలాంటి ల్యాబులు నడపడానికి మనలో చాలామంది వాడే ఎల్‌టీఎస్‌పీ సాఫ్ట్‌వేర్ కూడా అదే సంవత్సరం మొదలైంది, 2019లో దాన్ని మొత్తం తిరగరాశారు. అంటే ఇన్నేళ్లుగా జనం కొట్టుకుంటున్న సమస్యలేనండీ మనవి, మనకొచ్చిన ఎర్రర్ ప్రపంచంలో ఇంకొకడికి ఎప్పుడో వచ్చే ఉంటుంది.

ఇప్పుడు గుంటూరు స్టేషన్‌లో నిలబడి ఉన్నాం, విజయవాడ నుంచి బండి రాలేదు. బండి రాలేదు అంటే ఏం తెలిసినట్టు? ఏమీ తెలీలేదు. అసలు విజయవాడలో బయల్దేరిందా, కృష్ణా కెనాల్ దగ్గర ఆపారా, మంగళగిరి దాటిందా, అది తెలిస్తే కదా ఎవర్ని అడగాలో తెలిసేది. నెట్‌వర్క్ బూట్ కూడా అంతే. లింక్ రావాలి, ఐపీ రావాలి, బూట్ ఫైల్ పేరు రావాలి, ఆ ఫైల్ దిగాలి, కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, లేవాలి, కెర్నల్ మళ్లీ సొంతంగా నెట్‌వర్క్ తెచ్చుకోవాలి, అప్పుడు రూట్ ఫైల్‌సిస్టం, అంటే సిస్టం ఫైళ్లన్నీ ఉండే చోటు, మౌంట్ అవ్వాలి, అంటే దానికి తగులుకోవాలి. ఎవరైనా ఫోన్ చేసి అన్నా బూట్ అవట్లేదు అంటే నేను అడిగే మొదటి ప్రశ్న, ఏ స్టేషన్ దాటింది తమ్ముడూ?

స్క్రీన్ మీద మెసేజ్ అర సెకన్లో మాయమైపోతోందండీ అంటారు. ఫోన్ తియ్యండి, వీడియో తియ్యండి, తర్వాత ఆపి ఆపి చూసుకోండి. దీనికంటే మంచి పరికరం నాకు ఇంతవరకూ దొరకలేదు.

మొదటిది లింక్. స్క్రీన్ మీద పీఎక్స్ఈ-ఈ61 అనే ఎర్రర్ నంబర్‌తో మీడియా టెస్ట్ ఫెయిల్యూర్, చెక్ కేబుల్ అని వస్తుంది. దాంట్లోనే చెప్పాడు కదా కేబుల్ చూడమని, అయినా మనం చూడం, కాన్ఫిగ్ ఫైల్ తెరుస్తాం. ఎలక కొరికి ఉండొచ్చు, క్రింపింగ్ వదులై ఉండొచ్చు. ఒక తిరకాసు ఉందిక్కడ, గిగాబిట్‌కి కేబుల్లో నాలుగు జతలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక తీగ తెగిందనుకోండి, సిస్టం ఆఫ్‌లో ఉన్నప్పుడు తక్కువ స్పీడులో స్విచ్ మీద లైటు వెలుగుతూనే ఉంటుంది, మనం లైటు చూసి కేబుల్ బాగానే ఉంది అనుకుంటాం, తీరా ఆన్ చేస్తే గిగాబిట్‌కి ప్రయత్నించి లింక్ పడిపోతుంది. అందుకని లైటుని నమ్మొద్దు. పక్క సిస్టం కేబుల్ పీకి దీనికి పెట్టండి, రెండు నిమిషాల పని.

అసలు పీఎక్స్ఈ మెసేజే రాకుండా, బూట్ డివైజ్ సెలెక్ట్ చేసుకో అని వచ్చిందనుకోండి. ఇది జూన్‌లో వస్తుంది. ఎందుకు జూన్‌లోనే? చెప్పండి చూద్దాం. ఆ, మేడమ్ గారు చెప్పారు, కరెక్టేనండీ, సీమాస్ బ్యాటరీ. వేసవి సెలవుల్లో ల్యాబ్‌కి మెయిన్ ఆపేసి తాళం వేసి వెళ్తారు, పాత బోర్డుల్లో ఆ బిళ్ల బ్యాటరీ అప్పటికే చచ్చిపోయి ఉంటుంది, కరెంట్ పూర్తిగా లేకపోయేసరికి బయోస్, అంటే ఆన్ చేయగానే మొదట లేచే బోర్డు లోపలి ప్రోగ్రాం, దాని సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, నెట్‌వర్క్ బూట్ ఆఫ్ అయిపోతుంది, బూట్ ఆర్డర్ మారిపోతుంది. సర్వర్‌కి దీంతో సంబంధమే లేదు. సీఆర్2032 బ్యాటరీలు ఒక షీటు కొనుక్కుని బీరువాలో పెట్టుకోండి. తారీఖు కూడా వెనక్కిపోయి ఉంటుంది, అది కూడా సరిచేయండి, లేకపోతే తర్వాత హెచ్‌టీటీపీఎస్ సైట్లు తెరుచుకోక ఇంకో కంప్లైంట్ వస్తుంది.

ఇప్పుడు డీహెచ్‌సీపీ, అంటే సిస్టం అడగ్గానే దానికి ఐపీ ఇచ్చే సర్వీసు. నాకు తెలిసి మన ల్యాబుల్లో గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే, అందుకని కొంచెం సేపు ఇక్కడే ఉంటా.

ఎర్రర్ ఈ51 అంటే, నేను అరిచాను, ఎవ్వరూ పలకలేదు అని. ఈ53 అంటే, ఎవరో పలికారు, ఐపీ కూడా ఇచ్చారు, కానీ బూట్ ఫైల్ పేరు చెప్పలేదు అని. ఈ రెంటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఈ53 వచ్చిందంటే కేబుల్ బాగుంది, స్విచ్ బాగుంది, డీహెచ్‌సీపీ నడుస్తోంది. కానీ ఎవరి డీహెచ్‌సీపీ? అదీ ప్రశ్న.

మన దగ్గర ఏం జరుగుతుందంటే, ఎవరో స్టాఫ్ రూంలో వైఫై కోసం ఇంట్లోంచి ఓ పాత రౌటర్ తెచ్చి, ల్యాబ్ స్విచ్ నుంచి వచ్చిన వైరుని దాని ల్యాన్ పోర్టులో గుచ్చుతారు. వాళ్లకి వైఫై వచ్చేస్తుంది, హాయిగా ఉంటారు. ఆ రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉంటుంది, అది మన సిస్టం అరుపు విని మన సర్వర్ కంటే ముందే నేనిస్తా ఐపీ అంటుంది, ఇస్తుంది, బూట్ ఫైల్ అంటే ఏంటో దానికి తెలీదు. ఫైబర్ వాడు పెట్టిపోయిన మోడెం కూడా ఇదే పని చేస్తుంది. ఒక్కోసారి మన సర్వర్ గెలుస్తుంది, ఒక్కోసారి రౌటర్ గెలుస్తుంది, అందుకే పొద్దున వచ్చిన సిస్టం మధ్యాహ్నం రాదు, జనం ర్యామ్ మారుస్తారు, ఎస్ఎంపీఎస్ మారుస్తారు.

కనిపెట్టడం ఎలా? స్క్రీన్ మీద వచ్చిన ఐపీ చూడండి. మీ సర్వర్ ఇచ్చేది 192.168.67 సిరీస్ అయితే, అక్కడ 192.168.1 కనపడిందంటే దొంగ దొరికాడు. ఇంకా తేలకపోతే సర్వర్‌లో, నెట్‌వర్క్‌లో ఏం పోతోందో చూపించే టీసీపీడంప్ పెట్టి డీహెచ్‌సీపీ వాడే 67, 68 పోర్టులు చూడండి, ఐపీ ఇస్తానంటూ వచ్చిన ఆఫర్ ఏ మ్యాక్ అడ్రస్ నుంచి వచ్చిందో కనపడుతుంది, మ్యాక్ అంటే కార్డుకి కంపెనీ వేసిన నంబరే, దాంట్లో మొదటి మూడు జతల అంకెల్ని బట్టి ఏ కంపెనీ డబ్బానో కూడా తెలిసిపోతుంది. ఇక మేడలన్నీ ఎక్కి ఆ డబ్బా వెతకడమే.

మాస్టారూ మీరేదో అడగబోయారు. ఆ, రౌటర్ మన చేతిలో లేదు, ప్రిన్సిపాల్ గారు ముట్టుకోనివ్వరు, అప్పుడెలా? మంచి ప్రశ్న. అప్పుడు రౌటర్‌తో కొట్లాట పెట్టుకోవద్దు. ఐపీ దాన్నే ఇవ్వనివ్వండి, మీ సర్వర్‌లో డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ పనులు చూసే డీఎన్ఎస్‌మాస్క్ ప్రోగ్రాంని ప్రాక్సీ మోడ్‌లో పెట్టండి, అంటే డీహెచ్‌సీపీ-రేంజ్ లైన్‌లో మీ నెట్‌వర్క్ అడ్రస్ రాసి పక్కన ప్రాక్సీ అని రాస్తే చాలు. ఐపీ రౌటర్ ఇస్తుంది, బూట్ ఫైల్ పేరు మన సర్వర్ చెప్తుంది, సిస్టం రెండూ కలుపుకుంటుంది. కొత్త ఎల్‌టీఎస్‌పీ మామూలుగా ఇలాగే చేస్తుంది. ఫైర్‌వాల్ ఉంటే 67తో పాటు 4011 పోర్టు కూడా తెరవాలి, అది మర్చిపోతే ఆ పోర్టులో ఎవరూ పలకలేదని ఈ55 ఎర్రర్ వస్తుంది.

ఇంక ఈ51 సంగతి. సర్వర్ నడుస్తోంది, దొంగ రౌటర్ లేదు, కేబుల్ బాగుంది, అయినా ఎవరూ పలకలేదంటాడు. ఇంకా చిత్రం ఏంటంటే ఒక్కోసారి వస్తుంది, రీస్టార్ట్ కొడితే రాదు. కాలేజీ వాళ్లు సెట్టింగులు మార్చుకోగల మంచి మేనేజ్డ్ స్విచ్ కొన్నాకే ఇది మొదలవుతుంది. పాత చవక స్విచ్ ఉన్నప్పుడు బాగానే ఉండేదండీ అంటారు, నిజమే చెప్తున్నారు వాళ్లు.

ఈ లెక్క కొంచెం జాగ్రత్తగా వినండి, నాకు చాలా ఇష్టమైన లెక్క. మేనేజ్డ్ స్విచ్‌లో స్పానింగ్ ట్రీ ఉంటుంది, పోర్టులో లింక్ రాగానే లూప్ ఏమైనా ఉందేమోనని 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది, మొత్తం 30 సెకన్లు ఆ పోర్టులోంచి మన డేటా ఏదీ పోనివ్వదు. ఇటు పీఎక్స్ఈ ఏం చేస్తుంది? ఒకసారి అరిచి 4 సెకన్లు ఆగుతుంది, మళ్లీ అరిచి 8 ఆగుతుంది, మళ్లీ అరిచి 16, చివరిసారి అరిచి 32 సెకన్లు ఆగుతుంది. అంటే అరుపులు ఎప్పుడెప్పుడు పడ్డాయి? సున్నాలో, 4లో, 12లో, 28లో. తలుపు తెరుచుకునేది 30లో. చివరి అరుపు రెండు సెకన్ల ముందు పోయింది! ఆ తర్వాత అర నిమిషం తలుపు తెరిచే ఉంటుంది, కానీ అరిచేవాడు అరవడు, ఎదురుచూస్తూ కూర్చుని ఈ51 అని పడుకుంటాడు. కార్డు మేలుకోడానికి ఒకటి రెండు సెకన్లు ఎక్కువ తీసుకున్న రోజు బూట్ అయిపోతుంది, అందుకే ఒక్కోసారి వస్తుంది ఒక్కోసారి రాదు.

విరుగుడు ఏంటంటే, సిస్టంలు తగిలించిన పోర్టులకి, ఆ 30 సెకన్లు ఆగకుండా వెంటనే తలుపు తెరిచే పోర్ట్‌ఫాస్ట్ పెట్టాలి, కొన్ని స్విచ్‌లలో దాన్నే ఎడ్జ్ పోర్ట్ అంటారు. స్పానింగ్ ట్రీ మొత్తానికి ఆపేయకండి, ఎవడో ఒక కుర్రాడు ఖాళీగా ఉన్న వైరు రెండు చివర్లూ ఒకే స్విచ్‌కి గుచ్చుతాడు, అప్పుడు కాలేజీ మొత్తం నెట్ పడిపోతుంది. స్విచ్ పాస్‌వర్డ్ మీ దగ్గర లేదా? సిస్టంకీ పెద్ద స్విచ్‌కీ మధ్యలో ఓ చవక అయిదు పోర్టుల స్విచ్ పెట్టి చూడండి. పెద్ద స్విచ్ వైపు లింక్ పడదు కాబట్టి బూట్ అయిపోతుంది. అయిందంటే రోగం తెలిసిపోయినట్టే, ఇక ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వాళ్ల వెంట పడండి.

సరే, ఐపీ వచ్చింది, ఫైల్ పేరు వచ్చింది. టీఎఫ్‌టీపీ దగ్గర ఆగింది. ఈ32 అంటే టైమవుట్, అవతల ఎవరూ లేరు లేదా మధ్యలో ఫైర్‌వాల్ ఉంది. టీ01 అంటే ఫైల్ నాట్ ఫౌండ్, అంటే సర్వర్ పలికింది, ఆ పేరుతో ఫైల్ లేదంది. మళ్లీ రెండూ వేరు వేరు. టైమవుట్‌లో ఒక కిటుకు, 69 పోర్టు తెరిచాం కదా అంటారు, అడగడం 69కే అడుగుతుంది, కానీ సర్వర్ జవాబు ఇంకో పోర్టు నుంచి ఇస్తుంది, టీఎఫ్‌టీపీ పద్ధతే అంత. మధ్యలో ఫైర్‌వాల్‌కి ఆ సంగతి తెలీకపోతే ఆపేస్తుంది. ముందు సర్వర్ ఫైర్‌వాల్ అయిదు నిమిషాలు ఆపి చూడండి, తేలిపోతుంది. తర్వాత మళ్లీ ఆన్ చేయండి, అదీ చెప్పాలి మీకు.

ఫైల్ లేదు అంటే, ఫైల్ కళ్లెదురుగా ఉంది కదండీ అంటారు. పెద్దక్షరం చిన్నక్షరం చూడండి, లైనక్స్‌కి అవి వేరు. దారి చూడండి, టీఎఫ్‌టీపీ సర్వర్ సెక్యూర్ మోడ్‌లో నడుస్తుంటే దాని ఫోల్డరే దానికి లోకం, మీరు ఎస్ఆర్‌వీ నుంచి మొదలుపెట్టి పూర్తి దారి ఇస్తే అది తన ఫోల్డర్ లోపల మళ్లీ ఎస్ఆర్‌వీ కోసం వెతుకుతుంది. ఇంకోటి, పర్మిషన్లు. ఉబుంటూలో బూట్ ఫోల్డర్‌లో ఉండే విఎంలైనజ్ అనే కెర్నల్ ఫైల్‌ని రూట్ యూజర్, అంటే అడ్మిన్ తప్ప ఎవరూ చదవలేరు, పర్మిషన్ 600 ఉంటుంది. దాన్ని అలాగే కాపీ చేసి టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో పెడితే మెనూ వస్తుంది, కెర్నల్ దగ్గర ఆగిపోతుంది. అందరూ చదివేలా సీహెచ్‌మాడ్ 644 కొట్టండి, అంతే.

సిస్టం నుంచి కాదు, మీ ల్యాప్‌టాప్ నుంచే టీఎఫ్‌టీపీ క్లయింట్‌తో ఆ ఫైల్ దింపి చూడండి ముందు. ల్యాప్‌టాప్‌కి దిగనిది డిస్క్ లేని సిస్టంకి ఎలా దిగుతుంది?

కొత్త బోర్డులు. వీటిలో పాత బయోస్ బదులు యూఈఎఫ్ఐ ఉంటుంది, పాత బయోస్ మోడ్ చాలావాటిలో తీసేశారు. పదేళ్ల కింద రాసిన కాన్ఫిగ్‌లో పీఎక్స్ఈలైనక్స్ డాట్ జీరో అని ఉంటుంది, అది బయోస్ ఫైలు. యూఈఎఫ్ఐ సిస్టం దాన్ని బుద్ధిగా దింపుకుంటుంది, ఎన్‌బీపీ ఫైల్ డౌన్‌లోడ్ సక్సెస్‌ఫుల్ అని కూడా రాస్తుంది, ఎన్‌బీపీ అంటే ఆ బూట్ ఫైలే, తర్వాత ఏమీ జరగదు, మళ్లీ బూట్ మెనూకి వచ్చేస్తుంది. సక్సెస్‌ఫుల్ అన్నాడు కదా అని మనం జుట్టు పీక్కుంటాం. డీహెచ్‌సీపీ అడిగేటప్పుడే 93వ ఆప్షన్‌లో సిస్టం తను ఏ రకమో చెప్తుంది, సున్నా అంటే బయోస్, 7 అంటే 64 బిట్ యూఈఎఫ్ఐ, కొన్ని 9 అని కూడా చెప్తాయి. దాన్ని బట్టి వేరు వేరు ఫైళ్లు ఇచ్చేలా సర్వర్‌లో రాసుకోవాలి. ల్యాబులో సగం పాత సిస్టంలు సగం కొత్తవి ఉన్నవాళ్లకి ఇది తప్పదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని ఫైలుని రానివ్వదు, ల్యాబులోనైతే నేను ఆఫ్ చేసేస్తా, ఆఫీసు సిస్టంలైతే సంతకం ఉన్న షిమ్, గ్రబ్ అనే బూట్ ఫైళ్లు వాడమంటా.

వైఫై మీద బూట్ చేయొచ్చా అని ఎవరో చీటీ పంపారు. వైరు లాగండి బాబూ.

కెర్నల్ లేచింది, చకచకా అక్షరాలు పరిగెత్తాయి, చివర్లో కెర్నల్ పానిక్, అంటే కెర్నల్ చేతులెత్తేసింది. ఇక్కడ జనం భయపడిపోతారు గానీ, నిజానికి ముప్పావు దూరం వచ్చేశాం. పానిక్‌లో అన్‌నోన్ బ్లాక్ అని బ్రాకెట్లో రెండు అంకెలు ఉంటాయి, ఫోటో తియ్యండి. సున్నా, సున్నా అని ఉంటే, రూట్ ఎక్కడుందో కెర్నల్‌కి అసలు అర్థం కాలేదు, చాలాసార్లు కెర్నల్‌తో పాటు దిగాల్సిన డ్రైవర్ల మూట ఇనిట్‌ఆర్‌డీ దిగలేదనో, కెర్నల్‌కి ఇచ్చిన లైన్‌లో రూట్ సంగతి తప్పుగా రాశారనో అర్థం. సున్నా, 255 అని ఉంటే, ఎన్ఎఫ్ఎస్ నుంచి, అంటే సర్వర్ నెట్‌వర్క్ మీద పంచే ఫోల్డర్ నుంచి, తెచ్చుకోవాలని తెలుసు, ప్రయత్నించింది, కుదరలేదు. అప్పుడు ఎన్ఎఫ్ఎస్ వైపు చూడాలి, పంచే ఫోల్డర్ల జాబితా ఎక్స్‌పోర్ట్స్‌లో ఆ ఫోల్డర్ ఉందా, ఈ ఐపీలకి అనుమతి ఉందా, ఫైల్ మార్చాక ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ కమాండ్ కొట్టారా. పాత కాన్ఫిగ్‌లో యూడీపీ అని ఉంటే టీసీపీ చేయండి, కొత్త కెర్నల్స్‌లో ఎన్ఎఫ్ఎస్ యూడీపీ మామూలుగా ఆపేసి ఉంటుంది.

ఇక్కడ చాలామందికి తట్టనిది ఒకటుంది. పీఎక్స్ఈ తెచ్చుకున్న నెట్‌వర్క్ కెర్నల్‌కి రాదు! కెర్నల్ కార్డుని మళ్లీ మొదటినుంచి లేపుతుంది, లింక్ ఒకసారి పడి లేస్తుంది, మళ్లీ డీహెచ్‌సీపీ అడుగుతుంది. లింక్ పడి లేచిందంటే ఏమైంది? స్పానింగ్ ట్రీ మళ్లీ 30 సెకన్లు! అర్థమైందా అండీ? పీఎక్స్ఈలో అదృష్టం బాగుండి దాటినా కెర్నల్‌లో దొరికిపోతాం. రెండోది, కెర్నల్‌కి ఆ కార్డు డ్రైవర్ ఇనిట్‌ఆర్‌డీలో ఉండాలి. సర్వర్‌లో అప్‌డేట్ కొట్టారు, కొత్త కెర్నల్ వచ్చింది, టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో మాత్రం పాతదే ఉంది, సిస్టంలకిచ్చే ఫైల్‌సిస్టం ఇమేజ్‌లో కొత్త మాడ్యూల్స్, అంటే కొత్త డ్రైవర్లు, రెంటికీ పొసగదు. ఎల్‌టీఎస్‌పీలో అయితే ఇమేజ్ కట్టాక కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ కమాండ్లు మళ్లీ నడపాలి. నిన్నటిదాకా బాగుండి ఈ రోజు మొత్తం ల్యాబ్ ఆగిందంటే నేను మొదట అడిగేది, రాత్రి అప్‌డేట్ ఎవరు కొట్టారు?

ఇంకో ప్రశ్న, వెనక నుంచి తమ్ముడు. ఒక్కొక్కటిగా ఆన్ చేస్తే అన్నీ వస్తున్నాయి, కరెంట్ పోయి వచ్చినప్పుడు మాత్రం సగం రావట్లేదు. ఇది అచ్చంగా మన సమస్య. కరెంట్ రాగానే అన్ని సిస్టంలూ ఒక్కసారి లేచి నిమిషంలోపు అరిచి ఊరుకుంటాయి, సర్వర్ అప్పటికి ఇంకా కళ్లు నులుముకుంటూ ఉంటుంది. కాబట్టి సర్వర్, మెయిన్ స్విచ్ రెండూ యూపీఎస్ మీద ఉండాలి. స్విచ్‌ని మర్చిపోతారు, సర్వర్ ఒక్కదానికే పెడతారు. బయోస్‌లో కరెంట్ వస్తే దానంతటదే ఆన్ అవ్వాలి అన్నది క్లయింట్లలో తీసేయండి, సర్వర్ లేచాక, నెట్‌వర్క్ మీదే ఆన్ చేసే వేక్-ఆన్-ల్యాన్‌తో పది పది చొప్పున లేపుకోవచ్చు. డీఎన్ఎస్‌మాస్క్ ఒక్కోసారి ల్యాన్ కార్డు లేవకముందే మొదలై కూలబడుతుంది, దానికి బైండ్-డైనమిక్ అని ఒక లైన్ ఉంది, పెట్టుకోండి.

లెక్క కూడా చూసుకోండి. 40 సిస్టంలు, ఒక్కోదానికి 60 ఎంబీ ఇనిట్‌ఆర్‌డీ అనుకుందాం, 2400 ఎంబీ. సర్వర్ పాత స్విచ్‌కి 100 ఎంబీపీఎస్‌లో తగిలి ఉంటే సెకనుకి 12 ఎంబీ కంటే పోదు, అంటే 200 సెకన్లు, అదీ అంతా సవ్యంగా పోతే. టీఎఫ్‌టీపీ అంత సవ్యంగా పోదు, మామూలుగా 512 బైట్లు పంపి అందిందా అని అడిగి, అందింది అంటేనే ఇంకో 512 పంపుతుంది. అందుకని హెచ్‌టీటీపీ కూడా తెలిసిన బూట్ ప్రోగ్రాం, చిన్న ఐపీఎక్స్ఈ ఫైలొక్కటే టీఎఫ్‌టీపీలో ఇచ్చి, మిగతాదంతా హెచ్‌టీటీపీలో దింపండి. సర్వర్‌కి గిగాబిట్ పోర్టు ఇవ్వండి. ఐపీఎక్స్ఈ పెట్టినప్పుడు అది మళ్లీ డీహెచ్‌సీపీ అడిగితే సర్వర్ మళ్లీ ఐపీఎక్స్ఈనే ఇస్తుంది, అది మళ్లీ అడుగుతుంది, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. అడిగేదాంట్లో యూజర్ క్లాస్ ఐపీఎక్స్ఈ అని వస్తే, అంటే అడిగేది ఐపీఎక్స్ఈయే అయితే, స్క్రిప్ట్ ఇవ్వు అని సర్వర్‌కి చెప్పాలి.

విండోస్ సంగతి అడుగుతున్నారు, నెట్‌వర్క్ మీద డిస్క్ ఇచ్చే ఐస్కజీతో అవుతుంది, లైసెన్సులు అవీ చూసుకోవాలి, దానికి ఇంకో పూట కావాలండీ, ఈ రోజు వద్దు.

ఇక్కడ బల్ల మీద రెండు సిస్టంలు పెట్టాను చూడండి, వాటిలో డిస్క్ లేదు, సర్వర్ ఆ ల్యాప్‌టాప్. కావాలనే రెంటినీ పాడుచేసి పెట్టా. ఎడమ పక్కదానికి ఐపీ వచ్చింది, ఎన్‌బీపీ ఫైల్‌సైజ్ సున్నా బైట్లు అని ఆగింది. కుడి పక్కది పానిక్ అయింది, సున్నా, 255. ల్యాప్‌టాప్ కీబోర్డ్ ముట్టుకోకుండా, ముందు తప్పు ఎక్కడుండొచ్చో చెప్పి, అప్పుడు ముట్టుకోవాలి. ఎవరొస్తారు? తెనాలి తమ్ముడూ, నువ్వు రా. ఫోన్ తెచ్చుకో, వీడియోకి.